లెక్క అడిగిన సారు – మన వాడ అడగాల్సిన లెక్క

(ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ వర్ధంతి జూన్ 21 సందర్భంగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో జరిగిన సభల్లో మాట్లాడిన మాటలను ఒక్కచోట కూర్చిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద ఉపన్యాసకుణ్ణి కాదు. బడి పంతుల్ని. మా ఇంట్ల డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని. అందుకని పాఠం చెప్పినట్టే చెప్తా. నడుమ అనుమానం వస్తే చెయ్యి లేపి అడగండి. అసలు ఈ పాఠం పేరే "అడుగుడు".

మొదటి అనుమానం జగిత్యాల సభ మొదలు కాకముందే వచ్చింది. గోడకు జయశంకర్ సారు ఫోటో కడుతుంటే ఒక అవ్వ నా దగ్గరికొచ్చి, "పంతులూ, ఈ సారు మనోడా?" అని అడిగింది. "మన కులపోడు కాదవ్వా, విశ్వబ్రాహ్మణుల ఇంట్ల పుట్టిండు" అన్న. "మరి అంబేద్కర్ సారు పక్కన ఈయన ఫోటో ఎందుకు?" అన్నది. నాకు జవాబు వెంటనే రాలేదు. ఆ అవ్వకు చెప్పాల్సిన జవాబే ఈ రోజు నేను చెప్పే పాఠం.

మనం ఫోటోలకు దండలేసి ఇంటికి పోయేటోళ్లం కాదు. ఒక మనిషిని తలుచుకుంటున్నమంటే ఆ మనిషి దగ్గర మనకు పనికొచ్చే పనిముట్టు ఏదో ఉండాలె. జయశంకర్ సారు దగ్గర ఒక పనిముట్టు ఉన్నది. దాని పేరు లెక్క. ఆ లెక్కతోని ఆయన తెలంగాణకు రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి అని యాభై ఏండ్లకు పైగా అడిగిండు. ఇప్పుడు అదే లెక్కతోని తెలంగాణల మాదిగవాడకు, మాలపల్లెకు రావాల్సింది ఏమిటి, వచ్చింది ఏమిటి అని మనం అడగాలె. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగిలిందంతా దీనికి వివరణ.

ఎవరీ సారు?

1934 ఆగస్టు 6న వరంగల్లు జిల్లా ఆత్మకూరు దగ్గర అక్కంపేటల పుట్టిండు. అది నిజాం రాజ్యం. బడిల నిజామును పొగిడే పాట పాడాల్నంటే ఈయన వందేమాతరం పాడిండని చెప్పుకుంటరు. 1952ల ముల్కీ ఉద్యమం వచ్చింది. బయటి నుంచి వచ్చినోళ్లు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతోని ఇక్కడి కొలువులు తీసుకుంటున్నరని విద్యార్థులు రోడ్డు మీదికి వచ్చిన్రు. ఆ లొల్లి వరంగల్లుల మొదలై హైదరాబాదుకు పాకింది. సెప్టెంబర్‌ల సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగినయి, విద్యార్థులు చచ్చిపోయిన్రు. జయశంకర్ అప్పుడు విద్యార్థి. ఆ ఉద్యమంల ఉన్నడు. ఆనాడు పట్టుకున్న మాటను 2011 జూన్ 21న కన్ను మూసేదాకా వదల్లేదు.

చదివింది అర్థశాస్త్రం. ఉస్మానియా నుంచి పిహెచ్.డి. పట్టా తీసుకున్నడు. 1975 నుంచి 1979 దాకా వరంగల్లు సి.కె.ఎం. కాలేజీకి ప్రిన్సిపాల్. తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రార్. ఆ తర్వాత హైదరాబాదుల ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్ర సంస్థకు రిజిస్ట్రార్. 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. పెండ్లి చేసుకోలేదు. ఇన్ని కుర్చీల మీద కూసున్న మనిషి ఎమ్మెల్యే కావాల్నని, మంత్రి కావాల్నని తిరగలేదు. పిలిచిన ఊరికల్లా పోయిండు. కాలేజీ పోరగాండ్ల ముందట, వకీళ్ల ముందట, టీచర్ల ముందట, రైతుల ముందట ఒక్కటే పని: కాగితం తీసి లెక్క చెప్పుడు.

ఆయన పేరు మీద ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది. 2016ల జిల్లాలు కొత్తగ చేసినప్పుడు ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టిన్రు. పేరు పెట్టుడు సులువు. ఆయన చేసిన పని చేసుడు కష్టం.

సారు చెప్పిన లెక్క ఏంది?

పిల్లలకు చెప్పినట్టు చెప్తా. ఇద్దరు అన్నదమ్ములు కలిసి కాపురం పెట్టిన్రనుకోండి. కలిసే ముందు కాగితం రాసుకున్నరు: "తమ్ముని పొలం మీద వచ్చిన పంటల, ఖర్చులు పోను మిగిలింది తమ్ముని ఇంటికే పెట్టాలె." 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల ఆంధ్ర నాయకులు, తెలంగాణ నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందంల ఇటువంటి మాటే ఉన్నది. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణ అభివృద్ధికే ఖర్చు పెట్టాల్నన్నరు. ఆ నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

పన్నెండేండ్లు గడిచినయి. మిగులు ఎటు పోయింది? 1969ల జనం లేసి అడిగిన్రు. వందల మంది ప్రాణాలు పోయినయి. అప్పుడు సర్కారు కుమార్ లలిత్ కమిటీ వేసి లెక్క తీయించింది. తెలంగాణకు పెట్టకుండ ఉంచిన మిగులు 34 కోట్ల పైనే అని తేలింది. తర్వాత ఢిల్లీ సర్కారు జస్టిస్ భార్గవ కమిటీ వేసింది. అది 28 కోట్ల పైన అన్నది. రెండు లెక్కల్ల తేడా ఉన్నది గని, ఒక సంగతి మాత్రం రెండూ ఒప్పుకున్నయి: తమ్ముని పైసలు తమ్మునికి పెట్టలేదు.

కొలువుల సంగతి కూడ అంతే. 1975ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఏ జోన్‌ల కొలువులు ఆ జోన్ వాళ్లకు ఇంత శాతం అని రాసిన్రు. పదేండ్లకు అధికారుల కమిటీయే లెక్క తీస్తే, తెలంగాణ జోన్లల్ల 58,962 మంది స్థానికేతరులు ఉన్నరని తేలింది. వాళ్లను ఎనకకు పంపాల్నని 1985 డిసెంబర్ 30న 610 జీ.వో. ఇచ్చిన్రు. గడువు 1986 మార్చి 31. ఆ గడువు దాటి పదిహేనేండ్లకు, 2001ల గిర్‌గ్లానీ కమిషన్ వేసి మళ్ల లెక్క తీయించాల్సి వచ్చింది! అంటే చట్టం ఉన్నది, జీ.వో. ఉన్నది, అమలు లేదు.

ఇగో, ఇక్కడ ఆగి ఆలోచించండి. రాసిచ్చుడు, పెట్టకపోవుడు. చట్టం చేసుడు, పక్కన పడేసుడు. ఒకరి పేరు మీద తీసిన పైసలు ఇంకొకరికి ఖర్చు చేసుడు. ఈ కథ మనకు కొత్తదా? దళితవాడకు ఇది కొత్తదా?

మా అమ్మ లెక్క

లెక్క అంటే చదువుకున్నోళ్ల ముచ్చట అనుకుంటం. కాదు. మా అమ్మ బీడీలు చేసేది. చదువు రాదు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. వెయ్యి అయినప్పుడల్లా అర్ర గోడ మీద బొగ్గుతోని ఒక గీత గీసేది. కార్ఖానాల బీడీలు అప్పజెప్పితే మున్షీ కొన్నిటిని బాగలేవని పక్కకు తీసేసి, మిగిలినయి పుస్తకంల రాసుకునేది. ఆకు మంచిగ లేక తక్కువ పడితే సొంత పైసలతోని ఆకు కొని వెయ్యి నింపాలె. తీసేసిన బీడీలు మాత్రం తిరిగి ఇయ్యరు. అవి ఎటు పోతయో అడిగే దిక్కు లేదు.

నేను ఆరో తరగతిల ఉన్నప్పుడు ఒకనాడు అమ్మ వెంట పోయిన. పుస్తకం తిరగేసి చదివిన. గోడ మీద గీతలు ఇరవై మూడు, పుస్తకంల ఇరవై. అమ్మకు చెవుల చెప్పిన. అమ్మ వణుక్కుంటనే అడిగింది: "అయ్యా, మూడు వేలు తక్కువున్నయి." మున్షీ నా దిక్కు గుర్రుగ చూసి, "కొడుకును చదివిస్తున్నవా?" అన్నడు. ఆ నెల సరిదిద్దలేదు. పై నెల నుంచి మాత్రం లెక్క తప్పలేదు. మా ఒక్క ఇంటిదే కాదు, మా వాడల ఆ కార్ఖానాకు పోయే ఆడోళ్లందరూ గోడల మీద గీతలు గీసుడు మొదలు పెట్టిన్రు.

నాకు అర్థశాస్త్రం అప్పుడే తెలిసింది. పెద్దయినంక జయశంకర్ సారు ప్రసంగం విన్నప్పుడు మా అమ్మ గోడ యాదికొచ్చింది. ఆయన గోడ పెద్దది, రాష్ట్రమంత. గీతలు కోట్లల్ల ఉన్నయి. పని మాత్రం ఒక్కటే: మన గీతలు ఎన్ని, వాళ్ల పుస్తకంల ఎన్ని?

బీడీ చాట, సాంచా, ఢిల్లీ కమిషన్

సారు పేరు చెప్పంగనే తెలంగాణ రాష్ట్రం యాదికొస్తది. ఇంకో సంగతి శానమందికి తెల్వది. 2004ల కేంద్ర సర్కారు అసంఘటిత రంగం మీద ఒక జాతీయ కమిషన్ వేసింది. అర్జున్ సేన్‌గుప్తా దానికి అధ్యక్షుడు. జయశంకర్ సారు కొంతకాలం అందుల సభ్యుడు. అసంఘటిత రంగమంటే ఎవరు? బీడీలు చేసే మీరు. సాంచాలు నడిపే మీరు. కండెలు చుట్టే తల్లి, వైపని చేసే తమ్ముడు, ఇటుక బట్టీకి పోయేటోడు, హమాలీ, నాటుకు, కలుపుకు పోయే కూలి తల్లి. జీతం చీటీ లేనోళ్లు, సెలవు లేనోళ్లు, ముసలితనంల దిక్కు లేనోళ్లు.

వీళ్లందరికి సామాజిక భద్రత ఉండాల్నని ఆ కమిషన్ 2006ల నివేదిక ఇచ్చింది. 2008ల పార్లమెంటు చట్టం చేసింది. 2007 ఆగస్టుల వచ్చిన నివేదిక దేశాన్ని ఉలిక్కిపడేటట్టు చేసింది. 2004–05 లెక్కల ప్రకారం దేశంల నూటికి 77 మంది, అంటే 83 కోట్ల పైన జనం, దినానికి ఇరవై రూపాయల లోపు ఖర్చుతోని బతుకుతున్నరని చెప్పింది. ఇంకొక అడుగు ముందుకేసి కులం వారీగ కూడ లెక్క తీసింది. ఎస్సీ, ఎస్టీలల్ల నూటికి 88 మంది ఆ పేదల జాబితాల ఉన్నరు! దేశానికి 77, మనకు 88. నడుమ ఉన్న ఆ పదకొండు ఏంది? అదే కులం. పేదరికానికి కులం ఉన్నదని ఢిల్లీ లెక్కనే ఒప్పుకున్నది.

సిరిసిల్లల పద్మశాలి అన్నలు సాంచాల నడుమ నలిగి ప్రాణాలు తీసుకున్న ఏండ్లు మనం మర్చిపోలేదు. నూలు సేటుది, సాంచా ఆసామిది, రెక్కలు కార్మికునియి. గుడ్డ ఎన్ని మీటర్లు దిగితే అన్ని పైసలు. కరెంటు పోతే కూలి పోతది. బీడీ తల్లికి వెయ్యికి ఇంత, నేత కార్మికునికి మీటరుకు ఇంత. ఇద్దరికి నెల జీతం లేదు. అందుకే ఈ లెక్క మాల మాదిగలదే కాదు, చేతులతోని బతికే బహుజనులందరిది.

2015ల తెలంగాణ సర్కారు బీడీ కార్మికులకు వెయ్యి రూపాయల భృతి మొదలు పెట్టింది. 2019ల అది 2,016 అయింది. మంచిదే. వచ్చిన రూపాయను కాదనం. అయితే పి.ఎఫ్. నంబరు ఉన్నోళ్లకే అన్నరు. ఒక్క కార్డు మీద ఇంట్ల ముగ్గురు బీడీలు చేస్తే మిగిలిన ఇద్దరు ఎవరి లెక్కల ఉన్నరు? అత్త కార్డు మీద కోడలు ఇరవై ఏండ్లు పని చేస్తే ఆ కోడలు కార్మికురాలు కాదా? ఇది అడగాల్సిన ప్రశ్న.

రాష్ట్రం వచ్చింది. మన వాడకు ఏమొచ్చింది?

ఉద్యమం మూడు మాటలు చెప్పింది: నీళ్లు, నిధులు, నియామకాలు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. సారు చూడలేదు, మనం చూసినం. మనం కూడ కొట్లాడినం. దళితవాడల నుంచి పోయినోళ్లు రాస్తారోకోల్ల ముందున్నరు, డప్పు మనదే, పాట మనదే, లాఠీ దెబ్బ మనదే. ఇప్పుడు ఆ మూడు మాటలను మన వాడ గడప మీద నిలబెట్టి చూద్దాం.

నీళ్లు. నీళ్లు ఎవరికి పారుతయి? భూమి ఉన్నోనికి. భూమి లేనోనికి కాలువ పక్క పొంటి పోయినా కాళ్లు తడుస్తయి గని కడుపు నిండదు. అందుకే నీళ్ల లెక్క భూమి లెక్కతోని మొదలు కావాలె. 2014 ఆగస్టు 15న భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాల పథకం మొదలు పెట్టిన్రు. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరనే ఆగిపోయింది. 2018ల రైతుబంధు వచ్చింది. ఎకరానికి పంటకు నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు. ఎన్ని ఎకరాల దాకా అన్న హద్దు లేదు. లెక్క చేయండి. ఏడాదికి ఎకరానికి పది వేలంటే నలభై ఎకరాల ఆసామికి నాలుగు లక్షలు. అర ఎకరం ఉన్న మాదిగ అన్నకు అయిదు వేలు. ఆ నలభై ఎకరాల్ల కౌలు చేసేటోనికి సున్న. అందుల కలుపు తీసే తల్లికి సున్న.

సర్కారు మారింది. 2025 జనవరి 26న ఎకరానికి ఏడాదికి పన్నెండు వేలు అన్నరు. భూమి లేని, ఉపాధి హామీల కనీసం 20 రోజులు పని చేసిన కూలి కుటుంబానికి కూడ ఏడాదికి పన్నెండు వేలు అన్నరు. మనల్ని లెక్కలకు తీసుకున్నరు, సంతోషం. గని ఎట్ల తీసుకున్నరో చూడండి. అయిదుగురున్న కూలి కుటుంబం మొత్తం కలిస్తే ఒక్క ఎకరంతోని సమానం!

నిధులు. ఇది అన్నిటికంటే పెద్ద లెక్క. 2011 జనగణన ప్రకారం తెలంగాణల ఎస్సీలం 54 లక్షల పైన, నూటికి 15.45 మంది. బడ్జెట్‌ల జనాభా ఎంతనో వాటా అంత ఉండాల్నని కొట్లాడితే 2013ల ఉమ్మడి రాష్ట్రంల సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. 2017ల తెలంగాణ సర్కారు దాని జాగల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. ఒక ఏడాది ఖర్చు కాని పైసలను వచ్చే ఏడాదికి కలపాల్నని ఆ చట్టమే చెప్తది.

ఇప్పుడు 1956 ఒప్పందాన్ని పక్కన పెట్టి చూడండి. అప్పుడు ఒప్పందం, ఇప్పుడు చట్టం. అప్పుడు తెలంగాణ మిగులు, ఇప్పుడు ఎస్సీ నిధులు. అప్పుడు తమ్ముని పేరు మీద రాసి వేరే దిక్కు ఖర్చు పెట్టిన్రు. ఇప్పుడు ఊరందరు నడిచే రోడ్డు ఖర్చుల కొంత దళితుల ఖాతాల రాసుకునే పద్ధతిని దళిత సంఘాలు ఎన్నో ఏండ్లుగా ఎండగడుతున్నయి. బడ్జెట్ పుస్తకంల కోట్లు ఉంటయి, వాడల మోరీ ఉండది. ఆంధ్ర పాలకులు చేస్తే దోపిడీ అయిన పని, తెలంగాణ పాలకులు చేస్తే పరిపాలన ఎట్ల అయితది? జయశంకర్ సారు లెక్క నిజమైతే మన లెక్క కూడ నిజమే. ఆయన ఫోటోకు దండేసే ఏ నాయకుడూ మన లెక్కను కాదనే హక్కు లేనోడు.

2021ల దళితబంధు వచ్చింది. కుటుంబానికి పది లక్షలు. మన పాత కరీంనగర్ జిల్లాలనే, హుజూరాబాద్‌ల ముందు పెట్టిన్రు. పది లక్షలు దళితుని చేతుల పడుడు చిన్న ముచ్చట కాదు. గని ఏ వాడల ఎవరికి, ఏ వరుసల, ఎవరు నిర్ణయించిన్రు? పేర్లు గ్రామసభల చదివిన్రా, నాయకుని ఇంట్ల రాసిన్రా? హక్కుగ వచ్చింది అందరికి వస్తది. దయగ వచ్చింది దండం పెట్టినోనికే వస్తది.

నియామకాలు. వర్గీకరణ కోసం ముప్పై ఏండ్లు దండోరా మోగింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల చట్టం అమలుకు వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులు: ఒకటికి 1 శాతం, రెండుకు 9, మూడుకు 5. దీని మీద మాల, మాదిగ అన్నదమ్ముల నడుమ మాట తేడాలున్నయి, ఈ సభలనే ఉన్నయి. నేను దాచను. గని ఇద్దరం కలిసి అడగాల్సింది ఒకటి ఉన్నది. పదిహేను శాతం దేంట్ల? పర్మినెంటు కొలువులల్ల. ఆఫీసు ఊడ్చే పని, దవాఖాన పని, మున్సిపాలిటీ చెత్త పని ఏజెన్సీల చేతులకు పోయినంక, పదిహేనును ఎట్ల పంచుకున్నా చేతికి వచ్చేది ఎంత? రొట్టె ముక్కల కోసం కొట్లాడేటప్పుడు రొట్టెను ఎవరు ఎత్తుకపోయిన్రో కూడ చూడాలె.

సిరిసిల్లల ఇంకో లెక్క ఉన్నది. 2017 జూలైల నేరెళ్ల దగ్గర ఇసుక లారీ గుద్ది మనిషి చనిపోతే కడుపు మండిన జనం లారీలు తగలబెట్టిన్రు. ఆ తర్వాత దళిత, బీసీ బిడ్డలను పట్టుకపోయి పోలీసులు చిత్రహింసలు పెట్టిన్రన్న ఆరోపణ దేశమంత మోగింది. ఇసుక మన వాగుది, ప్రాణం మన మనిషిది, దెబ్బలు మన బిడ్డలయి. మరి ఇసుక పైసలు ఎవరియి?

ఇద్దరు అర్థశాస్త్ర ప్రొఫెసర్లు

ఇప్పుడు జగిత్యాల అవ్వ ప్రశ్నకు వస్తా. అంబేద్కర్ సారు పక్కన ఈ సారు ఫోటో ఎందుకు?

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగం పుస్తకంతోని చూస్తం. ఆయన మొదట అర్థశాస్త్ర ప్రొఫెసర్. 1918ల బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల అర్థశాస్త్రం చెప్పిండు. అదే ఏడాది చిన్న కమతాల మీద వ్యాసం రాసిండు. 1925ల ఆయన పుస్తకం ఒకటి అచ్చయింది. అది దేని మీద? బ్రిటిష్ ఇండియాల పన్నుల పైసలు పై సర్కారుకు ఎంత, రాష్ట్రాలకు ఎంత, ఎట్ల పంచిన్రు అన్న దాని మీద. అంటే ఎవరి దగ్గర వసూలు చేసిన్రు, ఎవరికి ఖర్చు పెట్టిన్రు అన్న లెక్క! జయశంకర్ సారు తెలంగాణకు వేసిన లెక్క ఆ దారిలదే.

ఇంకొకటి. 1955ల బాబాసాహెబ్ భాషా రాష్ట్రాల మీద ఒక పుస్తకం రాసిండు. ఒక భాషకు ఒకే రాష్ట్రం ఉండాల్నన్న నియమం లేదన్నడు. చిన్న రాష్ట్రాలు మేలన్నడు. అక్కడనే ఒక హెచ్చరిక కూడ చేసిండు: ఏ రాష్ట్రంల అయినా భూమి, కొలువులు, వ్యాపారం చేతుల పెట్టుకున్న ఒకటి రెండు పెద్ద కులాలు ఉంటయి, అంటరానోళ్లు వాళ్ల కింద బతకాల్సి వస్తదని. దానికి ఆంధ్రనే ఉదాహరణగ చూపించిండు. చిన్న రాష్ట్రం కావాల్నన్న సగం మాట జయశంకర్ సారు జీవితమంత మోసిండు. ఆ రాష్ట్రంల ఎవరి కింద ఎవరుంటరన్న మిగిలిన సగం మాట మనం మోయాలె.

జయశంకర్ సారును నేను దేవుణ్ణి చేస్తలేను. ఆయన లెక్క ప్రాంతం లెక్క. ప్రాంతం లోపల కులం లెక్కను ఆయన ఉద్యమం ముందట పెట్టలేదు. సామాజిక తెలంగాణ కావాల్నని దళిత బహుజనులు అడిగినప్పుడు, "ముందు రాష్ట్రం రానీ, తర్వాత చూద్దాం" అన్న మాట ఉద్యమంల గట్టిగ వినబడ్డది. మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్నరు, అది ఏమైందో మీకు తెలుసు. "తర్వాత చూద్దాం" అన్న మాట అంటరానోని చెవుల ఎన్ని తరాల నుంచి పడుతున్నదో! అయినా ఒకటి ఒప్పుకోవాలె. చదువుకున్న మనిషి తన చదువును ఎవరికి అప్పు పడ్డడో గుర్తు పెట్టుకొని, ఊరూరు తిరిగి తీర్చిండు. మనల్ల డిగ్రీలు, పీజీలు చేసి కొలువులు చేసేటోళ్లం ఎంతమందిమి వాడకు వచ్చి ఒక కాగితం చదివి పెడుతున్నం? ఈ ప్రశ్న ముందు నాకే, తర్వాత మీ అందరికి.

రేపటి పని

ఇదే జగిత్యాల గడ్డ మీద 1978 సెప్టెంబర్ 7న వేల మంది కూలీలు, రైతులు జైత్రయాత్ర తీసిన్రు. దొరల ముందట చెప్పులు చేత పట్టుకొని నడిచినోళ్లు, వెట్టి చేసినోళ్లు తల ఎత్తిన్రు. నెల పదిహేను రోజుల్ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నరు. ఆ తరం వెట్టిని అడిగింది. మన తరం లెక్కను అడగాలె.

ఎట్ల? పెద్ద పని కాదు. ప్రతి వాడల ఒక నోటు బుక్కు పెట్టండి. వాడల పదో తరగతి దాటిన ఒక అమ్మాయి, ఒక అబ్బాయి రాయాలె. అయిదు వరుసలు చాలు: ఎన్ని ఇండ్లు, ఎవరికి ఎంత భూమి, ఎవరికి ఏ పింఛను, ఎవరికి ఏ లోను లేదా పథకం, ఎస్సీ నిధులతోని వాడల ఏ పని. ఇది మన గోడ మీద గీత. తర్వాత వాళ్ల పుస్తకం అడగండి. 2005ల సమాచార హక్కు చట్టం వచ్చింది. మన దగ్గర ఊరి స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండలానికి అయిదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్ల జవాబు ఇయ్యాలె. జవాబు రాకుంటే పై అధికారికి అప్పీలు. ఒక్కరు పోకండి, అయిదుగురు పోండి. ఆడోళ్లు ముందుండండి. వచ్చిన కాగితాన్ని వాడల నడుమ నిలబడి గట్టిగ చదవండి. మన నోటు బుక్కు, వాళ్ల కాగితం పక్కపక్కన పెట్టండి. తేడా ఎక్కడుందో అక్కడ గ్రామసభల లేసి అడగండి. అడిగింది, వాళ్లు చెప్పింది ఈ పత్రికకు రాయండి.

అడిగితే కోపాలొస్తయి. "కొడుకును చదివిస్తున్నవా?" అన్న మున్షీ చూపు ప్రతి ఆఫీసుల ఉంటది. ఆ నెల సరిదిద్దకపోవచ్చు. పై నెల నుంచి భయపడతరు.

జగిత్యాలల సభ అయినంక ఆ అవ్వ మళ్ల వచ్చింది. "పంతులూ, ఆయన మన కులపోడు కాకున్నా ఫోటో ఉండనీ. గని మా వాడకు ఆ నోటు బుక్కు ఎవలు రాస్తరు?" అన్నది. వచ్చే ఆదివారం వస్తానని చెప్పిన, పోయిన, మొదటి పేజీ రాసినం. మొదటి పేరు ఆమెదే. మీ వాడల మొదటి పేజీ ఎప్పుడు రాస్తరో మీరు చెప్పండి.

లెక్క తేలేదాకా అడుగుదాం.

జై భీం!